ఎదుటివైపు నుంచి గీసిన చెయ్యి

బోర్డుల మాస్టారుకి అరవై ఎనిమిదో ఏట ఒక బంతి లొంగలేదు.

అది నిజం బంతి కూడా కాదు. ఫ్లెక్సు షాపులో కంప్యూటరు తెర మీద మౌసుతో గీసిన ఎర్రటి గుండ్రం. దాన్ని పైనుంచి వదిలి, నేలకి తగిలించి, మళ్లీ పైకి లేపాలి. పని అంతే. మూడు రోజులుగా ఆయన దాని మీదే కూర్చున్నాడు. గుండ్రం కిందికి దిగుతోంది, పైకి లేస్తోంది, చెప్పిన మాట వింటోంది. కాని చూసినవాళ్లెవరూ దాన్ని బంతి అనడం లేదు.

"లిఫ్టులా ఉంది మాస్టారూ," అంది షాపు ఆవిడ, మిషనులోంచి బయటికొస్తున్న ఫ్లెక్సుని రెండు చేతులతో అందుకుంటూ. "ఇంకాసేపు చూస్తే అందులోంచి మనుషులు దిగేలా ఉన్నారు."

"గుండ్రం కుదిరిందా లేదా, అది చెప్పు."

"గుండ్రానికేమండీ, దివ్యంగా ఉంది. బరువు లేదు, అదే గొడవ."

బరువు లేదు! ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది.

చెప్పుకోవాలంటే బోర్డుల మాస్టారు సామాన్యుడు కాడు. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి వరకే. అయితేనేం, పదకొండో ఏట ఆ బడి గోడ మీద బడి పేరు రాసింది ఆయనే. తనిఖీకి వచ్చిన అధికారి "ఏ ఊరి పెయింటరుతో రాయించారండీ?" అని అడిగితే, పంతులుగారు రెండో వరసలోంచి ఆయన్ని చెవి పట్టుకుని లేపి చూపించారు. ఆ తర్వాత నలభై ఆరేళ్లు బ్రష్షు కింద పెట్టిన పాపాన పోలేదు. రాసిన బోర్డులు మూడు వేల రెండు వందల పైచిలుకు. మందుల షాపులు, బడులు, లారీల నుదుళ్లు, ఒక కోర్టు, రెండు రైలు స్టేషన్లు. నీళ్ల ట్యాంకు మీద ఒక్కో అక్షరం మనిషిన్నర ఎత్తు. తాడుకి వేలాడుతూ, కొలబద్ద ముట్టుకోకుండా కంటితోనే కొలిచి రాశాడు. ఒక్కటంటే ఒక్కటి ఒరగలేదు. అద్దం మీద లోపలివైపు నుంచి తిరగేసి రాయడం ఇంకో విద్య. వీధిలో నిలబడ్డవాడికి సవ్యంగా కనబడాలంటే, లోపల కూర్చున్నవాడు అక్షరం వీపు చూస్తూ వెనకనుంచి ముందుకి రాసుకురావాలి. ఆ పని తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఇద్దరే ఉండేవారు. రెండో ఆయన పోయి చాలా కాలమైంది.

అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ సమానంగా ఉండాలన్నది ఆయన పట్టు. "ఖాళీ పెట్టడం రానివాడు రంగు ముట్టుకోకూడదు" అని పాతికమంది శిష్యులకి చెప్పాడు. చెప్పినా వినని ముగ్గురు నలుగురికి బ్రష్షు కర్రతో వేళ్ల మీద వడ్డించాడు కూడా. ఇప్పుడు ఆ సమానమే కొంప ముంచింది.

కంప్యూటరులో బొమ్మ కదలడమంటే నిజానికి ఏదీ కదలదు. ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మ, సెకనుకి పన్నెండు. ఒక్కోదాన్ని ఫ్రేము అంటారు. బంతి ఒక్కో ఫ్రేములో ఇంకాస్త కిందికి జరుగుతుంది. మాస్టారు అలవాటు కొద్దీ ప్రతి ఫ్రేముకీ ఒకే దూరం జరిపాడు, నూలు పట్టి కొట్టినట్టు.

"బంతి పైన ఉన్నప్పుడు బద్ధకంగా ఉంటుంది మాస్టారూ," అంది ఆవిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుని. "కిందికొచ్చేకొద్దీ దానికి తొందర ఎక్కువ. పైన ఫ్రేములు దగ్గర దగ్గరగా పెట్టండి, కింద దూరంగా పెట్టండి. నేల తాకినప్పుడు కాస్త నొక్కుకుపోవాలి."

"అంటే ఖాళీలు సమానంగా ఉండకూడదంటావు."

"ఉంటే చచ్చినట్టు ఉంటుంది."

ఆ మాట నోరు జారి వచ్చింది. ఆవిడ వెంటనే నాలిక కరుచుకుంది. ఎందుకంటే మాస్టారు ఈ విద్య ఎందుకు నేర్చుకోవడానికి వచ్చాడో ఆవిడకి తెలుసు.

మాస్టారు భార్య కుట్టుపని చేసేది. ముప్పై తొమ్మిదేళ్లు ఒకే మిషను. కుడిచెయ్యి చక్రం మీద, ఎడమచెయ్యి గుడ్డ మీద. గుడ్డని సూది కిందికి నడిపించేది ఆ ఎడమచెయ్యే. కుట్టు తిన్నగా పోయిందంటే దాని గొప్పే. ఆ రోజు పొద్దున బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతోంది. మాస్టారు పక్కనే టీ తాగుతూ చూస్తున్నాడు. తొమ్మిదో కాలరు దగ్గర కుట్టు వంకర పోయింది. ఆమె కుట్టు వంకర పోవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఏమోయ్, నిద్దరోతున్నావా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె బదులు చెప్పబోయింది. మూతి ఒక పక్కకి జారింది. ఎడమచెయ్యి గుడ్డ మీదనుంచి ఒళ్లోకి, ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులాగా, జారి పడింది.

ఆసుపత్రిలో అత్యవసరం అన్న బోర్డు రాసింది మాస్టారే, ఇరవై రెండేళ్ల కింద. స్ట్రెచరు దాని కిందనుంచే లోపలికి పోయింది. అంత కంగారులోనూ ఆయన కన్ను పైకి పోయింది. ఎరుపు కాస్త వెలిసింది, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. "ఇది నేను రాసిందే" అని స్ట్రెచరు తోస్తున్నవాడితో అన్నాడు. వాడు "పక్కకి జరగండి" అన్నాడు.

ఆమెకి మాట తిరిగొచ్చింది. మూతి సర్దుకుంది. కాలు ఈడ్చుకుంటూ అయినా గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. చెయ్యి ఒక్కటే రాలేదు. రోజు విడిచి రోజు ఫిజియో ఇంటికొచ్చి వ్యాయామం చేయించేవాడు. ముప్పై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. మొదటి రోజే చెప్పాడు.

"పెద్దాయనా, మొదటి ఆరు నెలలే ముఖ్యం. వచ్చేదేదో చాలావరకు ఆ లోపే వస్తుంది. ఆ తర్వాత రాదని కాదు, కానీ కష్టం."

చెయ్యి తనంతట తాను కదలనప్పుడు, కదులుతున్న చెయ్యిని చూస్తూ మనసులో తనూ కదిపినట్టు అనుకోవడం కూడా ఒక వ్యాయామమేనట. ఫిజియో తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరిదో ఎడమచెయ్యి, బల్ల మీదనుంచి లేచి గ్లాసు పట్టుకుంటోంది.

మాస్టారు భార్య ఒక నిమిషం చూసి మొహం తిప్పుకుంది. "ఆ గోళ్లు చూడండి. ఆ చెయ్యి పుట్టాక సూదిలో దారం ఎక్కించలేదు. దాని పని అది చేసుకుంటోంది, నాదెందుకు లేస్తుంది?"

ఫిజియో నవ్వాడు. "ఎవరి చెయ్యైనా ఫరవాలేదమ్మా."

"మీకు ఫరవాలేదు బాబూ. దానికి ఫరవా ఉంది," అంది ఒళ్లో పడున్న చెయ్యిని చూపిస్తూ.

అప్పుడు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నీ చెయ్యే గీస్తాను. నువ్వు చూసుకుందువు గాని."

అలా ఆయన ఫ్లెక్సు షాపు మెట్లెక్కాడు. అది తెరిచిన రోజునుంచీ ఆ వైపు కాలు పెట్టనివాడు, ఫ్లెక్సుని "ప్లాస్టికు దుప్పటి" అని తప్ప పిలవనివాడు. ఆ షాపు వచ్చాకే ఆయన చేతిలో పని పోయింది. ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. పెళ్లి వీడియోల ముందు వచ్చే బొమ్మలు, షాపుల ప్రకటనలు కదిలించడం ఆవిడకి తెలుసు. విషయమంతా విని, ఒక్క మాట అంది.

"ఇంత కష్టమెందుకు మాస్టారూ? అమ్మగారి కుడిచెయ్యి బాగానే ఉందిగా. గ్లాసు పట్టుకోమని ఫోనులో తీసి, అటుదిటు తిప్పేస్తే ఎడమచెయ్యి అయిపోతుంది. ఐదు నిమిషాల పని."

మాస్టారు ఆవిడ వైపు చూసిన చూపు చూస్తే ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తారు.

"అమ్మాయ్, నీళ్ల ట్యాంకు మీద రాసిందెవరో తెలుసా?"

"మీరే."

"కోర్టు బోర్డు?"

"మీరేనండీ."

"నా భార్య చెయ్యి నేను ఫోనుతో నొక్కాలా? పైగా కుడిచెయ్యి ఎడమచెయ్యి ఎలా అవుతుంది? ఎడమ చూపుడువేలి మీద సూది దిగిన మచ్చ ఉంది. చిటికెనవేలు కాస్త బయటికి వాలి ఉంటుంది. గుడ్డ నొక్కి నొక్కి బొటనవేలు చదునైపోయింది. అవన్నీ కుడిచేతికి ఉన్నాయా?"

ఆవిడ షాపు మూలన దుమ్ము పట్టి ఉన్న పాత కంప్యూటరు తుడిచి ఆయన ముందు పెట్టింది. అప్పటికి రెండు నెలలు గడిచాయి. ఇంకా నాలుగున్నాయి.

బంతికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు అది నేల తాకి, నొక్కుకుని, ఎగిరి, ప్రతిసారీ ఇంకాస్త తక్కువ ఎగురుతూ ఆగింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఫ్లెక్సు కోసం వచ్చిన ఒకాయన కూడా కొట్టాడు, ఎందుకో తెలియకుండానే. మాస్టారు నిలబడి, బంతికి బరువు ఎలా తేవాలో ఆ ఒకాయనకి పావుగంట చెప్పాడు.

తర్వాత చెయ్యి. దాన్ని ముక్కలుగా గీయాలి. ముంజేయి ఒక ముక్క, అరచెయ్యి ఒకటి, ఒక్కో వేలు మూడేసి, బొటనవేలు రెండు. ఒక్కో ముక్కకి కీలు ఎక్కడుందో చుక్క పెట్టి చెప్పాలి, ఆ చుక్క చుట్టూనే అది తిరుగుతుంది. మొదటిసారి చుక్కలు వేలికొసల దగ్గర పెట్టాడు. ప్లే నొక్కితే వేళ్లన్నీ మొదళ్ల దగ్గర ఊడి, కొసలు పట్టుకుని గడియారం ముళ్లలా తిరిగాయి.

"అమ్మో, దయ్యం చెయ్యి!" అని ఆవిడ కేక పెట్టింది.

మాస్టారు కూడా నవ్వాడు. ఆ నాలుగు నెలల్లో ఆయన నవ్వింది అప్పుడే.

ఇంట్లో రోజూ మధ్యాహ్నం భార్య ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆమె ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి, పెన్సిలుతో గీసేవాడు. మడతలు, నరాలు, మచ్చ. ఒక్కో వేలినీ తన చేత్తో వంచి, వంచినప్పుడు చర్మం ఎక్కడ ముడత పడుతుందో చూసి గీసేవాడు.

"పెళ్లయి నలభై మూడేళ్లు," అంది ఆమె ఒకరోజు. "ఇంతసేపు నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు."

"పని ఉంది మరి."

"అదేలెండి. పని లేనప్పుడు మీకు చేతులు ఎక్కడ కనబడ్డాయి."

సాయంత్రాలు షాపుకెళ్లి ఆ గీతల్ని చూస్తూ కంప్యూటరులో గీసేవాడు. గ్లాసు దగ్గరికి చెయ్యి జరగడం ఇరవై ఫ్రేములు. వేళ్లు తెరుచుకోవడం పన్నెండు. పట్టుకోవడం పదిహేను. ఎత్తడం ముప్పై. ఎత్తడం దగ్గర ఆయన ప్రాణం పెట్టాడు. ముందు బరువు తెలిసి ఆగినట్టు, తర్వాత లేచినట్టు. ఎత్తాక దించడం గీయలేదు. ఎత్తడమే కదా కావాల్సింది, దించడం ఎవరికి కావాలి అనుకున్నాడు. గ్లాసు నోటి దాకా లేచాక బొమ్మ మళ్లీ మొదటికి పోయేలా పెట్టించాడు. అది ఆపకపోతే రోజంతా అలా ఆడుతూనే ఉంటుంది.

ఐదో నెల చివర బొమ్మ సిద్ధమైంది. పాత కంప్యూటరు ఇంటికే తెచ్చి, కుట్టుమిషను పక్కన బల్ల మీద పెట్టాడు. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. షాపు ఆవిడా వచ్చింది. ఫిజియో వచ్చేదాకా మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

ప్లే నొక్కాడు. తెర మీద చెయ్యి లేచింది. సూదిమచ్చతో, వాలిన చిటికెనవేలితో, చదునైన బొటనవేలితో. వేళ్లు తెరుచుకుని గ్లాసుని పట్టుకున్నాయి. బరువు తెలిసి ఆగి, లేచింది.

ఫిజియో వంగి మళ్లీ చూశాడు. ఇంకోసారి చూశాడు.

"అద్భుతంగా ఉంది పెద్దాయనా. ఒట్టు, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు." మాస్టారు తలెత్తాడు. ఫిజియో తెర మీద వేలు పెట్టాడు. "కానీ ఇది మీరు చూసే చెయ్యి."

"అంటే?"

"అమ్మకి ఎదురుగా కూర్చుంటే మీకు కనబడే చెయ్యి. చూడండి, వేలికొసలు మనవైపున్నాయి. మణికట్టు దూరంగా ఉంది. దీన్ని చూస్తే ఎదురుగా ఎవరో కూర్చుని నీళ్లు తాగుతున్నట్టుంది. అమ్మకి కనబడాల్సింది తన చెయ్యి తన కంటికి ఎలా కనబడుతుందో అలాగ. మణికట్టు ఇటు, వేళ్లు అటు. అప్పుడే అది నాదే అనిపిస్తుంది. కదపాలనిపిస్తుంది."

"అందుకా!" అంది మాస్టారు భార్య. "ఎవరో నాకు నీళ్లు ఇవ్వబోయి తనే తాగేస్తున్నట్టనిపించింది. పాపం, దాహం వేసిందేమో అనుకున్నా."

షాపు ఆవిడ తెర దగ్గరికి జరిగింది. "నాకూ తట్టలేదు మాస్టారూ," అంది. ఎలా తడుతుంది? ఇద్దరూ వీధిలో నిలబడి చూసేవాడి కోసం బతికినవాళ్లే. ఎదుటినుంచి చూస్తే బాగుందా లేదా, అంతే వాళ్లకి తెలిసింది. నలభై ఆరేళ్లు మాస్టారు అద్దం లోపల కూర్చుని, బయటివాడికి ఏం కనబడుతుందో చూసుకుంటూనే రాశాడు. లోపల కూర్చున్నవాడికి ఏం కనబడుతుందన్నది ఆయనకి ఎన్నడూ పట్టలేదు. లోపల కూర్చున్నది తనే అయినా.

"కంప్యూటరులో తిప్పేస్తే రాదా?" అన్నాడు.

ఆవిడ తిప్పి చూపించింది. చెయ్యి తలకిందులైంది. వేలికొసలు పెద్దవిగా, మణికట్టు చిన్నదిగా, బోర్లాపడ్డ మనిషిలా ఉంది. రాదు. మొదటినుంచీ గీయాల్సిందే.

"పోనీ ఇప్పుడైనా ఫోనుతో..." అని ఆవిడ అనబోయింది. మాస్టారు అప్పటికే పెన్సిలు చెక్కుతున్నాడు.

ఈసారి భార్య వెనక కూర్చున్నాడు. ఆమె కుర్చీ వెనక స్టూలు వేసుకుని, గడ్డం ఆమె ఎడమ భుజం మీద ఆనించి, ఆమె కళ్లు ఎక్కడున్నాయో తన కళ్లు అక్కడికి తెచ్చుకున్నాడు. అక్కడినుంచి చూస్తే అది వేరే చెయ్యి. చూపుడువేలి మచ్చ సగమే కనబడుతోంది. మణికట్టు ఇంత లావుందని ఆయనకి తెలియదు. చిటికెనవేలు వాలినట్టే లేదు, దేన్నో అందుకోబోతున్నట్టుంది. ముప్పై తొమ్మిదేళ్లు ఆమె రోజూ చూసుకున్న చెయ్యి ఇదన్నమాట. ఆయన చూసిన చెయ్యి ఇది కాదు.

"మీ గడ్డం గుచ్చుకుంటోంది," అంది ఆమె.

"కదలకు."

"నన్నా కదలొద్దంటున్నారు? ఇంకేం కావాలి మీకు."

రెండోసారి చెయ్యి తయారయ్యేసరికి ఏడో నెల నిండింది. ఫిజియో చూసి, "ఇదే కావాల్సింది," అన్నాడు. మాస్టారు క్యాలెండరు వైపు చూడలేదు. ఫిజియో కుర్చీ వెనకే అది వేలాడుతోంది.

పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. ఆమె చెయ్యి బల్ల మీద, దాని ముందు ఖాళీ గ్లాసు, గ్లాసు వెనక తెర. తెర మీద చెయ్యి గ్లాసు ఎత్తుతుంది. బల్ల మీద చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. మాస్టారు పక్కన నిలబడి, "ఇప్పుడు. ఇప్పుడు పట్టుకో. ఇప్పుడు లేపు," అనేవాడు. నీళ్ల ట్యాంకు కింద తాడు పట్టుకున్నవాళ్లకి చెప్పినట్టే.

పందొమ్మిదో రోజు చూపుడువేలు వంగింది.

మాస్టారు అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు తలుపు తీశారు. చెప్పులు కూడా వేసుకోకుండా ఫ్లెక్సు షాపుకి పరిగెత్తాడు. మర్నాడు ఫిజియో రాగానే ఆమె చెయ్యి చూపించి, జరిగినదంతా ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ చెప్పాడు. ఫిజియో వేలు పట్టుకుని నెమ్మదిగా చాపాడు. అది మళ్లీ దానంతట అదే వంగింది. ఇంకోసారి చాపాడు. మళ్లీ వంగింది.

"ఇది బిగుసుకోవడం పెద్దాయనా," అన్నాడు. "కండరం తనంతట తాను లాక్కుపోతోంది. అమ్మ చెప్తే కదలడం కాదు. అమ్మా, ఒకసారి మీరు చాపండి చూద్దాం."

ఆమె వేలు వైపు చూసింది. చాలాసేపు చూసింది. నుదుటి మీద చెమట పట్టింది.

"వినడం లేదు," అంది.

తొమ్మిదో నెలలో ఫిజియో ఒక మధ్యాహ్నం వచ్చి, అన్నీ మరోసారి పరీక్షించి కాగితం మీద రాసుకున్నాడు. భుజం కొంత లేస్తోంది. కాలు మెరుగు. చెయ్యి దగ్గర ఒక చిన్న అడ్డగీత గీశాడు. మాస్టారు ఆ గీత చూశాడు. జీవితంలో లక్ష గీతలు గీసినవాడికి గీత అర్థం కాకుండా ఎలా పోతుంది.

"ఇకనుంచి నెలకోసారి వస్తాను. చెయ్యి ఎండిపోకుండా, బిగుసుకోకుండా రోజూ చాపుతూ ఉండండి."

గుమ్మం దాకా వెళ్లి మాస్టారు అడిగాడు. ఎన్నాళ్లనుంచో గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట.

"డాక్టరుగారూ, రెండో నెలలోనే కుడిచెయ్యి ఫోనులో తీసి తిప్పి చూపించి ఉంటే?"

ఫిజియో చెప్పులు వేసుకున్నాడు. "దానికేం, పనికొచ్చేదే."

"చెయ్యి వచ్చేదా?"

"ఎవరు చెప్పగలరు పెద్దాయనా? కొందరికి ఏం చేసినా రాదు. కొందరికి వస్తుంది. మీరలా ఆలోచించకండి."

రాదు అని చెప్పి ఉంటే బాగుండేది. వచ్చేది అని తిట్టినా బాగుండేది. ఏదీ కాకుండా మధ్యలో వదిలేసి మెట్లు దిగిపోయాడు ఆయన.

మాస్టారు లోపలికి వచ్చాడు. ఇరవై నిమిషాల సమయం కాకపోయినా బొమ్మ ఆడుతూనే ఉంది. ఆయన దాన్ని ఆపడం మానేసి చాలా రోజులైంది. చెయ్యి గ్లాసు ఎత్తుతోంది. నోటి దాకా లేవగానే మాయమై, మళ్లీ బల్ల మీద కనబడి, మళ్లీ ఎత్తుతోంది.

"అది ఎప్పుడైనా దించిందా?" అంది ఆమె.

"ఏది?"

"అదే. పొద్దున లేచిందగ్గరినుంచి ఎత్తుతూనే ఉంది. ఇన్నాళ్లలో ఒక్కసారి గ్లాసు కింద పెట్టి ఊపిరి పీల్చుకోలేదు. నేను కూడా కాలర్ల మధ్య చెయ్యి దించేదాన్ని."

"ఎత్తడం కోసమే కదా గీసింది."

"ఎత్తిందిగా. ఇంక దించనివ్వండి దాన్ని." తెర వైపు చూపిస్తూ అంది, "నా మాట వింటున్న ఎడమచెయ్యి అదొక్కటే. దానికీ విశ్రాంతి లేకపోతే ఎలా?"

మర్నాడు మాస్టారు ఫ్లెక్సు షాపుకి వెళ్లలేదు. అడగాల్సిందేమీ లేదు, అన్నీ వచ్చు ఇప్పుడు. స్టూలు తెచ్చి ఆమె వెనక వేసుకుని, గడ్డం భుజం మీద ఆనించి, చెయ్యిని చూస్తూ గీశాడు. దించడానికి నలభై ఫ్రేములు పెట్టాడు, ఎత్తడం కంటే పది ఎక్కువ. గ్లాసు బల్లకి ఆనే ముందు ఖాళీలు దగ్గర దగ్గరగా, ఇంకా దగ్గరగా. వేళ్లు ఒక్కొక్కటీ గ్లాసుని వదలడం. ముందు చిటికెనవేలు, చివర బొటనవేలు. తర్వాత అరచెయ్యి బల్ల మీద ఒరగడం. చివరి ఫ్రేము గీయడానికి ఆయన దేన్నీ ఊహించుకోనక్కర్లేకపోయింది. బల్ల మీద ఉన్నదాన్ని ఉన్నట్టు గీశాడు.

మొదటికి వెళ్లకుండా అక్కడే ఆగేలా పెట్టాడు. నాలుగు రోజుల పని. ఆయన చేసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. నీళ్ల ట్యాంకు కూడా దాని ముందు ఎందుకూ చాలదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఆమెని కూర్చోబెట్టి, ఎడమచెయ్యిని రెండు చేతులతో ఎత్తి తెర ముందు పెట్టాడు. ప్లే నొక్కాడు. చెయ్యి వెళ్లింది. గ్లాసు పట్టుకుంది. ఎత్తింది. నోటి దగ్గర ఒక క్షణం ఉంది. తర్వాత నెమ్మదిగా, ఎక్కడా తొణక్కుండా దించింది. వేళ్లు వదిలాయి. అరచెయ్యి ఒరిగింది.

బొమ్మ అయిపోయింది. మాస్టారు అలవాటు కొద్దీ, "ఇప్పుడు..." అనబోయి ఆగాడు.

తెర మీద ఒక చెయ్యి, బల్ల మీద ఒక చెయ్యి. రెండూ ఒకేలా పడుకుని ఉన్నాయి. ఆమె కుడిచేత్తో ఎడమచెయ్యిని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది.

"బాగా గీశారు," అంది.